చదువరి సొంత పుస్తకం: బయాజ్



గ్రంథపఠనం వలన కలిగే లాభాలను గురించి మీరు చిన్ననాటి నుండి ఎన్నో వ్యాసాలు చదివి ఉంటారు. పరీక్షలలో ఒకటి రెండు వ్రాసి కూడా ఉంటారు. పుస్తకం మిత్రుని వంటిదనీ, గురువు వంటిదనీ, దీపం వంటిదనీ ఆ వ్యాసాలు చెబుతాయి. అవి అసత్యాలు కావు. కాని ఆ మాటలు విని ఉత్సాహంతో పుస్తకం చేతబట్టిన విద్యార్థిని నా పాతికేళ్ళ ఉద్యోగంలో నేను చూచిన జ్ఞాపకం లేదు. కావున లాభాల ప్రసంగాన్ని పక్కన పెట్టి, చదువులోని ఆనందం ఎందుకు జారిపోతుంది, దానిని నిలుపుకొనే ఉపాయమేమిటి అనే ఒక్క విషయాన్ని మాత్రమే ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

చదువు రెండు విధాలు

మన కళాశాలలో చదువు రెండు విధాలుగా సాగుతున్నది. ఒకటి పరీక్ష కోసం చదివే చదువు. దీనికి గడువు ఉంటుంది, ప్రశ్నలను ముందుగానే ఊహించుకొంటారు, పరీక్ష ముగిసిన మరునాటి నుండి ఆ పుస్తకం ఎక్కడున్నదో కూడా తెలియదు. రెండవది ఎవరూ అడుగకపోయినా తనకు తానై చదివే చదువు. దీనికి మార్కులు లేవు, గడువు లేదు, చూచేవారు కూడా లేరు. మొదటి దానిని నేను తక్కువ చేయను. అన్నం పెట్టేది అదే. కాని మొదటి చదువు మాత్రమే తెలిసినవాడు ఉద్యోగం దొరికిన నాడే పుస్తకం మూసివేస్తాడు. రెండవ చదువు అలవడినవాడు ఉద్యోగ విరమణ పిమ్మట కూడా చదువరిగానే ఉంటాడు.

అయితే ఈ రెండవ చదువులో ఒక చిక్కు ఉన్నది. అది ఊరికే నిలువదు. వేసవి సెలవులలో నిద్ర మాని చదివిన నవలలోని పాత్రల పేర్లు సంక్రాంతి నాటికి గుర్తుండవు. ఎంతో నచ్చి రెండుసార్లు చదువుకొన్న పద్యం మిత్రునికి చెప్పబోతే రెండవ పాదం దగ్గర ఆగిపోతుంది. నేడు సెల్‌ఫోనులో ఒక గంటలో పది విషయాలు కళ్ళముందు సాగిపోతున్నవి. పదకొండవది వచ్చేసరికి మొదటిది మరుగున పడుతున్నది. కన్ను చదివిన దానిని చెయ్యి కూడా పట్టుకొంటేనే అది మనదవుతుంది. ఈ పనికి మన పెద్దలు ఏర్పరచుకొన్న సాధనానికి బయాజ్ అని పేరు.

బయాజ్ అనగా నేమి?

బయాజ్ అరబ్బీ మాట. తెలుపు అని దాని అర్థం. తెల్ల కాగితాల పుస్తకం గనుక, నచ్చినవి ఎత్తి వ్రాసుకొనే సొంత పుస్తకానికి ఫారసీ, ఉర్దూ భాషలలో ఆ పేరు స్థిరపడింది. పాతకాలపు బయాజులలో చాలా వాటిని పొట్టి అంచున కుట్టి, అడ్డంగా తెరువక కింది నుండి పైకి తెరిచేవారు. కవితాభిమాని తాను విన్న షేర్లనూ గజళ్ళనూ అందులో ఎక్కించుకొనేవాడు. కవి తన రచనలను తానే వ్రాసి దాచుకొన్న పుస్తకం కూడా బయాజే. యునానీ హకీములు తాము వాడి గుణం చూచిన మందుల పాళ్ళను వ్రాసుకొన్న పుస్తకానికి సైతం అదే పేరు. అందులో ఏముండాలో నిర్ణయించే అధికారం దాని యజమానికి తప్ప మరెవరికీ లేదు. అచ్చయిన పుస్తకం లోకానిది. బయాజ్ ఒక్క మనిషిది.

తెలుగువారికి ఈ అలవాటు కొత్తది కాదు. ఏ కావ్యంలోనూ చేరని చాటుపద్యాలు శతాబ్దాల తరబడి రసికుల నోళ్ళలోనూ, వ్రాతప్రతులలోనూ బ్రతికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) వాటిని శ్రమపడి సేకరించి చాటుపద్యమణిమంజరిగా ప్రకటించారు. తెలంగాణంలో కవులు లేరనే మాట వినవచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదానికి దిగక సేకరణకు పూనుకొన్నారు. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించారు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట వ్రాసి ఉంచకపోతే ఇటువంటి సంకలనాలకు ఆధారమే ఉండదు.

నాకు తెలిసిన ఒక బయాజ్

ఇక్కడ స్వవిషయం ఒకటి చెప్పుకోవడానికి చదువరులు అనుమతించాలి.

మా నాయనగారు పాత హైదరాబాదు రాష్ట్రంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్నారు. తెలుగును ఇంటి దగ్గర పెద్దబాలశిక్షతో నేర్చుకొన్నారు. పల్లెటూరి పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. నేను పుట్టేనాటికి రాష్ట్రం మారింది, బడిభాష మారింది. నేను ఆది నుండి తెలుగు మాధ్యమంలో చదివాను. ఉర్దూ మాట వింటే అర్థమయ్యేది. లిపి మాత్రం తెలియదు. మా ఇంటి అలమారలో సగం పుస్తకాలు నాకు మూసిన తలుపులే. నేర్చుకొమ్మని ఆయన రెండు మూడు సార్లు అన్నారు. పరీక్షలైన పిమ్మట చూస్తానని నేను అన్నాను. పరీక్షలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నవి.

ఆయన 1994లో కాలం చేశారు. ఇల్లు మారవలసి వచ్చినప్పుడు నేను చదువలేని ఆ పుస్తకాలను పాత కాగితాలు కొనేవానికి తూకానికి వేశాను. తక్కెడలో 18 కిలోలు తూగినవి. గుడ్డలో చుట్టిన ఒక పాత కాపీ మాత్రం మిగిలింది. దానిని దాచి ఉంచడానికి కారణం భక్తి కాదు. తెరిచి చూస్తే మొదటి పుటలలో తెలుగులో ఇంటి పద్దులు కనిపించినవి, అంతే.

తరువాత ఆ కాపీని తీరికగా చూచాను. తెలుగు పుస్తకం తెరిచినట్లు ఎడమ నుండి తెరిస్తే ఖర్చుల పద్దులు, వేమన పద్యాలు, శతకాలలోని పద్యాలు. తిరుగవేసి ఉర్దూ పుస్తకం తెరిచినట్లు కుడి నుండి తెరిస్తే పుటలకు పుటలు ఉర్దూ వ్రాత. రెండు వైపుల వ్రాతలు నడుమకు నడిచి వచ్చినవి. మధ్యలో కొన్ని కాగితాలు ఖాళీగా ఉండిపోయినవి. ఒకే మనిషి చేతివ్రాతలో సగం నాకు కనబడుతున్నది, సగం కనబడటం లేదు.

1998లో నేను కళాశాల ఉద్యోగంలో చేరినప్పుడు ఉర్దూ శాఖలోని సహోద్యోగి ఒకరు మధ్యాహ్న విరామంలో నాకు అలిఫ్, బే చెప్పడానికి ఒప్పుకొన్నారు. ముప్పై రెండేళ్ళ వయస్సులో పలక పట్టినట్లే అయింది. అక్షరం మాట మొదట ఒక రూపంతో, నడుమ ఒక రూపంతో, చివర ఒక రూపంతో ఉంటుంది. హ్రస్వ స్వరాలను సాధారణంగా వ్రాయరు; మాట ముందే తెలిసి ఉంటేనే చదవడం సాధ్యమవుతుంది. తెలుగులో ప్రతి గుణింతమూ కంటికి కనబడే లిపికి అలవాటుపడిన నాకు ఇది చాలా కష్టమనిపించింది. మూడు మాసాలకు కూడబలుక్కొని చదవడం వచ్చింది.

అప్పుడు ఆ కాపీ కుడివైపు మొదటి పుట తెరిచాను. గొప్ప కవిత ఏదో ఉంటుందని నా ఆశ. అక్కడ ఉన్నది ఎరువు తెచ్చుకొన్న పుస్తకాల జాబితా. పుస్తకం పేరు, ఇచ్చిన వారి పేరు, తెచ్చిన తారీఖు, తిరిగి ఇచ్చిన తారీఖు. చిట్టచివరి పుస్తకానికి ఎదురుగా, తిరిగి ఇచ్చిన తారీఖు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఇచ్చినవారు మా నాయనగారితో పాటు పనిచేసిన ఒక ఉపాధ్యాయులు. ఆ పుస్తకం 18 కిలోలలో పోయింది.

వెదకి వారి ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటిన పెద్దాయన. తప్పు చెప్పుకొన్నాను. ఆయన ఆ పుస్తకం సంగతే మరచిపోయినట్లున్నారు. కొంతసేపు ఊరకుండి, "పోతే పోయింది బిడ్డా! ఆ కాపీ తెచ్చినవా? నాకు కండ్లు ఆనుతలేవు. నువ్వే చదివి వినిపియ్యి" అన్నారు. నేను తడబడుతూ చదివాను. తప్పు పలికిన చోటల్లా ఆయన సరిదిద్దారు. కొన్ని చోట్ల నేను మొదటి మాట అనగానే తక్కినది ఆయనే పూర్తిచేశారు. ఆ తరువాత ఏడాదిన్నర పాటు నెలకు ఒకటి రెండు ఆదివారాలు మా చదువు అలాగే సాగింది. నా జీవితంలో నేను ఎరిగిన పఠనానందాలలో దానిని మించినది లేదు. నేను పోగొట్టిన పుస్తకం మాత్రం మరెక్కడా దొరకలేదు.

పదసేకరణ అనే వ్యాసంగం

ఆ కాపీ వలన నాకు మరొక వ్యాసంగం అబ్బింది. రెండు భాషలలోనూ తిరిగే మాటలను పట్టి వ్రాసుకోవడం. దీనికి ఖర్చు లేదు, ఎక్కడికీ పోనక్కరలేదు.

ఒక ఉదాహరణ చూడండి. బాగా పనిచేసిన వానిని పదిమందిలో మెచ్చుకొంటే 'కితాబు ఇచ్చాడు' అని తెలుగులో అంటాము. కితాబ్ అంటే పుస్తకం కదా, మెచ్చుకోలుకు పుస్తకానికి సంబంధమేమిటని నేను చాలాకాలం అనుకొన్నాను. ఉర్దూ లిపి వచ్చిన తరువాత సందేహం తీరింది. పుస్తకం అనే కితాబ్‌లో ఉన్నవి కాఫ్, తే అనే అక్షరాలు. మన మెచ్చుకోలు మాట ఖితాబ్. అందులో ఉన్నవి ఖే, తోయ్ అనే అక్షరాలు. బిరుదు అని దాని అర్థం. తెలుగు నోట పడి రెండూ ఒకే రూపం దాల్చినవి. లిపి మాత్రం వాటి పుట్టుకలు వేరని చూపుతున్నది.

ఇటువంటివి మన నిత్యవ్యవహారంలో ఎన్నో ఉన్నవి. సవాలు ఉర్దూలో ప్రశ్న; తెలుగులో పందెం విసరడం. ఖరీదు అక్కడ కొనడం, ఇక్కడ వెల. ఫిర్యాదు అక్కడ మొర, ఆక్రందన. ఇక్కడ పోలీసు ఠాణాలో ఇచ్చే కాగితం. వడ్డీకి తోడుగా చెప్పుకొనే అసలు, మూలం అనే అర్థం గల అరబ్బీ మాట. కలం, కాగితం, జవాబు, హాజరు, తారీఖు, నకలు అనే మాటలు లేకుండా మన కళాశాలలో ఒక్క పూట గడవదు. సి.పి. బ్రౌను (1798–1884) ఈ సంగతి బాగా ఎరిగినవాడు. తెలుగు - ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిన 1852లోనే, కచేరీ వ్యవహారాలలో వాడే మాటలకు 'జిల్లా నిఘంటువు' అనే పుస్తకాన్ని వేరుగా కూర్చాడు.

మీ ఇంట్లో వృద్ధులు వాడే మాటలను వారానికి రెండు చొప్పున వ్రాసుకొన్నా, డిగ్రీ మూడేళ్ళు ముగిసేసరికి మూడు వందలు దాటుతవి. ఆ వృద్ధులు మాట్లాడుతూ ఉండగానే ఈ పని చేయాలి.

ఎల్లలు దాటిన చదువరులు

ఇష్టంతో చదివే చదువు మనిషిని తన భాష దగ్గరనే నిలువనీయదు. దువ్వూరి రామిరెడ్డిగారు (1895–1947) నెల్లూరు ప్రాంతంలో సేద్యం చేసుకొనే రైతు. ఉమర్ ఖయ్యాం కవిత మీది ప్రీతితో ఫారసీ భాష నేర్చి, ఆ రుబాయీలను 'పానశాల' అనే పేర తెలుగు చేశారు. దాశరథి కృష్ణమాచార్యులుగారు ఉర్దూ చదువుల వాతావరణంలో పెరిగినవారు; మీర్జా గాలిబ్ కవితను 'గాలిబ్ గీతాలు'గా 1961లో తెలుగువారికి అందించారు. ఆదిలాబాదు ప్రాంతపు ఉపాధ్యాయులు సామల సదాశివగారు (1928–2012) ఉర్దూ కవులను గురించీ, హిందూస్థానీ సంగీతాన్ని గురించీ పక్కన కూర్చొని కబుర్లు చెప్పినట్లు తెలుగులో వ్రాశారు. ఆయన 'స్వరలయలు' గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. వీరిలో ఎవరినీ ఏ ప్రశ్నపత్రమూ ఈ పనికి పురికొల్పలేదు.

ఇటువంటి చదువుకు కావలసిన వసతులు మనకు దూరంగా లేవు. హైదరాబాదులో 1891లో ఏర్పడిన ఆసఫియా గ్రంథాలయం నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా అఫ్జల్‌గంజ్‌లో ఉన్నది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైన పెద్దలు 1901లో నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం సుల్తాన్‌బజారులో ఉన్నది. ఒకే రోజున రెండింటికీ పోయి రావచ్చును. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ కొన్న పుస్తకంలో పూర్వపు యజమాని సంతకం, తారీఖు కనిపిస్తే చెరిపివేయకండి. దాని కింద మీది వ్రాయండి.

పుస్తక రక్షణ

పుస్తకాన్ని ప్రేమించేవాడు దానిని కాపాడటం కూడా నేర్చుకోవాలి. చినిగిన కాగితానికి సెల్లోటేపు అంటించడం మంచిది కాదు. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు పసుపుపచ్చని మరకై నిలుస్తుంది. పలుచని కాగితపు పట్టీని మైదా జిగురుతో అంటించడం మేలు. జిల్దు కట్టే పనివారు మైదాను ఉడికించి, పురుగు పట్టకుండా కొద్దిగా మైలుతుత్తం కలుపుతారు. మైలుతుత్తం విషం గనుక ఆ పని వారికే వదలాలి. ఎండవేళ గాలి తగిలేచోట పుస్తకాలను ఏడాదికి ఒకసారి దులిపి, అలమారలో వేపాకు ఉంచడం మన ఇళ్ళలో పాత పద్ధతి. జిల్దు కట్టే దుకాణంలో ఒక గంట నిలబడి చూడండి. దారంతో కుట్టిన పుస్తకం ఎందుకు నిలుస్తుందో, జిగురుతో మాత్రమే అంటించినది ఎందుకు విడిపోతుందో అక్కడ అర్థమవుతుంది.

బయాజ్ వ్రాసే పద్ధతి

ఇక ఆచరణ. కుట్టుతో ఉన్న గట్టి అట్ట పుస్తకం ఒకటి తీసుకోండి. ఒకవైపు నుండి తెలుగు, రెండవవైపు నుండి ఉర్దూ లేదా మీకు వచ్చిన మరొక భాష వ్రాయండి. ఎత్తి వ్రాసిన ప్రతి భాగం కింద గ్రంథం పేరు, రచయిత పేరు, పుట సంఖ్య, తారీఖు ఉండాలి. ఇవి లేని సేకరణ కొన్నేళ్ళకు ఎవరి మాటో తెలియని మాట అవుతుంది. ఎక్కువ వ్రాయకండి, ఒక పుస్తకానికి ఒక పుట చాలు. ఎత్తి వ్రాసిన దాని పక్కన అది ఎందుకు నచ్చిందో ఒక వాక్యం సొంతంగా వ్రాయండి. పదేళ్ళ తరువాత మీరు ముందుగా చదివేది ఆ వాక్యమే. చివరి పుటలలో ఎరువు పుస్తకాల జాబితా ఉంచండి. తిరిగి ఇచ్చిన తారీఖు గడిని ఖాళీగా వదలకండి. నెలకొకసారి వెనుకకు తిరిగి చదవండి; ఎవరికైనా వినిపిస్తే మరీ మంచిది.

కార్యవర్గం వారికి మనవి

మన కళాశాలలో రెండు లిపులు ఒకే నోటీసు బోర్డు మీద ఉంటున్నవి. చాలామంది విద్యార్థులు మాత్రం ఒక సగం చదివి వెళ్ళిపోతున్నారు. ఉర్దూ వచ్చిన విద్యార్థులు తెలుగు విద్యార్థులకు అలిఫ్, బేలు, తెలుగు వచ్చినవారు వారికి గుణింతాలు, ఒత్తులు చెప్పుకొనేటట్లు వారానికి ఒక గంట గ్రంథాలయంలో కేటాయిస్తే అందుకు ప్రత్యేకమైన ఖర్చు లేదు. కళాశాల దినోత్సవంలో ఇచ్చే బహుమతులలో షీల్డులకు, స్టీలు గిన్నెలకు బదులుగా, కుట్టిన తెల్ల కాగితాల పుస్తకం ఒకటి ఇవ్వవచ్చును. ఈ రెండు మనవులనూ కార్యవర్గం వారు దయతో పరిశీలించగలరని ఆశిస్తున్నాను.

విద్యార్థులకు నా కోరిక ఒక్కటే. మీ ఇంట్లో మీరు చదువలేని లిపిలో పుస్తకం గాని, కాగితం గాని ఉన్న యెడల దానిని తూకానికి వేయకముందు, చదువగలిగినవారి దగ్గరకు ఒకసారి తీసుకొనిపొండి. అటువంటి వారు నేటికీ మన ఊరిలో, మన కళాశాలలో ఉన్నారు. ఈ సెలవులలోనే ఆ పని చేయండి. పరీక్షలైన పిమ్మట చూడవచ్చునని అనుకోవద్దు.